ఉయ్యాల ఆగితే లేచే బిడ్డకు పడక మీద తానే నిద్రపోవడం అలవాటు చేయడం ఎలా?

చాప మీద పడుకొని, ఉయ్యాలకు కట్టిన తాడును కాలి బొటనవేలికి తగిలించుకొని, సగం నిద్రలో ఊపే తల్లులు తిరుపతిలో ఏ వీధికి పోయినా కనిపిస్తారు. కాలు ఆగిన కాసేపటికి ఉయ్యాల ఆగుతుంది. ఇంకాసేపటికి లోపల బిడ్డ కదులుతుంది. ముందు చిన్న మూలుగు, తర్వాత ఏడుపు. మళ్లీ కాలు ఆడాల్సిందే. దీన్ని మొండితనం అనుకుంటారు, ఆకలి అనుకుంటారు, దిష్టి అనుకుంటారు. చాలాసార్లు ఈ మూడూ కావు.

చంటిబిడ్డ నిద్ర ఒకే బిగిన సాగదు. సుమారు 50 నుంచి 60 నిమిషాలకు ఒకసారి మెలకువ అంచుదాకా తేలి, మళ్లీ లోపలికి జారుతుంది. పెద్దవాళ్లకీ ఇంతే, కాకపోతే గంటన్నరకు ఒకసారి. మనం పక్కకు ఒత్తిగిలి దుప్పటి లాక్కుంటాం, పొద్దునకి అది గుర్తు కూడా ఉండదు. ఊగుతూ నిద్రపోయిన బిడ్డ ఆ అంచుకు వచ్చేసరికి ఊపు లేదు. రొమ్ము నోట్లో ఉండగా నిద్రపోయిన బిడ్డకు నోట్లో రొమ్ము లేదు. ఏదో పోయిందని ఏడుస్తుంది, అంతే. కాబట్టి చేయాల్సిన పని ఒక్కటే: కళ్లు మూసుకునేటప్పుడు చుట్టూ ఏది ఉందో, నడిరేయి కళ్లు తెరిచినప్పుడూ అదే ఉండాలి. కింద చెప్పేదంతా ఆ ఒక్కదాని కోసమే.

తానే నిద్రపోవడమంటే వేరే గదిలో పడేయడం కాదు. కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వాళ్ల పక్కనే, కానీ తనదంటూ వేరే పడక మీద పడుకోవాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా చెబుతుంది. ఒకటే గదిలో అందరూ పడుకునే మన ఇళ్లకు అందులో ఇబ్బందేమీ లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

నాలుగు నెలలు నిండేదాకా ఏమీ మొదలుపెట్టకండి. రాత్రికీ పగలుకీ తేడా తెలిపే ఒంటి గడియారం కుదురుకునేది మూడు నాలుగు నెలలకే. ఆలోపు ఊపండి, ఎత్తుకోండి, పాలిచ్చి పడుకోబెట్టండి, ఏ అలవాటూ చెడిపోదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైతే పుట్టిన తేదీ నుంచి కాదు, డాక్టరు ఇచ్చిన ప్రసవం తేదీ నుంచి లెక్కపెట్టాలి. బరువు సరిగ్గా పెరుగుతోందో లేదో ఒకసారి చూపించుకొని మొదలుపెట్టడం మంచిది. అయిదు నుంచి ఏడు నెలల మధ్య అన్నిటికంటే సులువు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన తల్లి మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తగారింటికి వస్తుంది. సరిగ్గా నిద్ర తీరు మారే వయసులోనే ఇల్లు, గది, మనుషులు, వాసనలు అన్నీ మారతాయి. వచ్చిన మొదటి రెండు వారాలు బిడ్డను కొత్త ఇంటికి అలవాటు పడనివ్వండి.

జ్వరం, జలుబు, విరేచనాలు ఉన్నప్పుడు వద్దు. టీకా వేయించాక మూడు రోజులు వద్దు. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా టీకా ఉంటుంది, ఆ తేదీ చూసుకోండి. మే నెలలో గంగమ్మ జాతర వారం, తిరుపతిలో పాత ఊళ్లో ఇల్లైతే, అస్సలు వద్దు. డప్పుల మోతలో పెద్దవాళ్లకే కన్ను మూతపడదు. మూడు వారాల పాటు ఊరికి వెళ్లే పని, పెళ్లిళ్లు, చుట్టాలు లేని రోజులు చూసుకోండి.

పడక

పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. అరచేతితో నొక్కి తీస్తే గుంట పడకూడదు. బూరుగు దూది పరుపు మనకు హాయిగా ఉంటుంది, బిడ్డకు పనికిరాదు. కూరుకుపోతుంది, మొహం పక్కకు తిరిగితే ముక్కు మూసుకుంటుంది. కొబ్బరి పీచు పరుపు మీద దుప్పటి బిగించి, అంచులు కిందికి దోపితే సరిపోతుంది. చుట్టూ కటకటాలున్న తొట్టి మంచం ఉంటే మంచిదే. లేకుంటే నేల మీద, గోడకు ఆనించకుండా, పలుచని గట్టి పరుపు వేయండి.

పడుకోబెట్టేది ఎప్పుడూ వెల్లకిలానే. తనంతట తాను రెండు వైపులా బోర్లపడి లేవడం వచ్చాక తను తిరిగితే తిరగనివ్వచ్చు. బోర్లపడే ప్రయత్నం మొదలైన రోజే గుడ్డలో చుట్టి పడుకోబెట్టడం మానేయాలి.

పడక మీద ఇంకేమీ ఉండకూడదు. ఆవాల దిండు, పక్కన కాపలాకు పెట్టే చిన్న దిండ్లు, బొమ్మలు, బొంత, అన్నీ తీసేయండి. తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు అంటారు పెద్దవాళ్లు. తలకు కావాల్సింది మెలకువగా ఉన్నప్పుడు రోజుకు కొన్ని సార్లు, మీరు చూస్తుండగా బోర్లా పడుకోబెట్టడం. మెడలో నల్లదారం, తాయెత్తు ఉంటే రాత్రికి విప్పేయాలి. మొలతాడు ఉండనివ్వండి, దాని జోలికి పోతే ఇంట్లో అనవసరంగా గొడవ.

దోమలకు తెర కట్టడమే సరి. గొడుగులా మడిచే చిన్న తెర అయితే బిడ్డ చేయి తగిలితే వలమీద నుంచే దోమ కుడుతుంది, అందుకే మంచమంతా కప్పే పెద్ద తెర మేలు. అంచులు పరుపు కిందికి బిగించి దోపండి. కాయిల్ వద్దు. లాలపోశాక సాంబ్రాణి వేసే అలవాటున్న ఇళ్లలో ఆ పొగ బిడ్డ పడుకునే గదిలోకి రానివ్వకండి.

ఇక వేడి. చిత్తూరు, తిరుపతి ఎండాకాలంలో బిడ్డ నిద్రను పాడుచేసేది ఆకలి కంటే మిద్దె. పగలంతా కాగిన పైకప్పు రాత్రి పదిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పైఅంతస్తులో ఉంటే సాయంత్రం అయిదింటికి మిద్దె మీద నాలుగు బకెట్లు నీళ్లు చల్లి, కిటికీలు తెరిచి, ఎనిమిదికి ముందే గది చల్లబడేలా చూడండి. వీలుంటే మార్చి నుంచి జూన్ దాకా కింది గదికి మారిపోండి. ఫ్యాను తిరగాలి, గాలి నేరుగా మొహానికి కొట్టకూడదు. ఏసీ ఉంటే 25, 26 దగ్గర పెట్టండి. ఒంటి మీద పలుచని నూలు జుబ్బా, కింద డైపర్ లేదా నేప్కిన్ చాలు. ఇంట్లో టోపీ, సాక్సు వద్దు. వేడిగా ఉందో లేదో చేతులు, కాళ్లు ముట్టుకొని తేల్చకండి, అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే ఒక పొర బట్ట తీసేయాలి. బిడ్డ మరీ వేడెక్కడం నిద్రలో ప్రాణానికే ముప్పు కావచ్చు.

పగలు లెక్క తప్పితే రాత్రి కుదరదు

రాత్రీ పగలూ కలిపి నాలుగు నుంచి పదకొండు నెలల బిడ్డకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. ఒక నిద్రకూ ఇంకో నిద్రకూ నడుమ ఎంతసేపు మేలుకొని ఉండగలదన్నది వయసును బట్టి మారుతుంది. నాలుగు నెలలకు గంటన్నర నుంచి రెండు గంటలు, ఆరు నెలలకు రెండు నుంచి రెండున్నర, తొమ్మిది నెలలకు మూడు, ఏడాదికి మూడున్నర అటూ ఇటూ. ఈ లెక్క దాటితే బిడ్డ "బాగా అలిసింది, చక్కగా పడుకుంటుంది" అనుకుంటాం. జరిగేది తలకిందులు. అలుపు మించితే ఒళ్లు ఉరకలు వేస్తుంది, నవ్వుతుంది, అరుస్తుంది, పడుకోబెడితే విల్లులా వంగుతుంది. కనుబొమ్మల దగ్గర ఎర్రబడటం, ఒకచోటే చూస్తూ ఉండిపోవడం, చెవి లాక్కోవడం కనిపించినప్పుడే తీసుకెళ్లాలి. కళ్లు నలుపుకుంటూ ఏడుపు మొదలైందంటే అప్పటికే పది నిమిషాలు ఆలస్యం.

మొదలుపెట్టే ముందు మూడు రోజులు ఏమీ మార్చకుండా, గోడ క్యాలెండర్ వెనకో ఫోన్లోనో రాసుకోండి: ఎప్పుడు పడుకుంది, ఎలా పడుకుంది, ఎప్పుడు లేచింది. మూడో రోజుకు బిడ్డ సహజంగా రాత్రి నిద్రకు జారే వేళ బయటపడుతుంది. చాలా ఇళ్లలో అది ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య ఉంటుంది. అదే వేళ టీవీ సీరియళ్ల వేళ కూడా కావడం మన ఖర్మ.

సాయంత్రం వరస

ఆరు నెలల బిడ్డకు, ఎనిమిదింటికి నిద్ర అనుకుంటే, ఇలా సాగాలి. ఏడుంబావుకు నూనె రాసి గోరువెచ్చని నీళ్లు పోయండి. రోజూ తలస్నానం అక్కర్లేదు, ఎండాకాలంలో ఒళ్లు తుడిచినా చాలు. ఏడున్నరకు పాలు. పాలు తాగేటప్పుడు గదిలో దీపం ఉండాలి, ఎందుకంటే ఇది నిద్ర కోసం ఇచ్చే పాలు కాదు, కడుపు కోసం ఇచ్చేవి. రెప్పలు వాలితే పాదం కింద మెల్లగా గీరండి. ఏడూ యాభైకి భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేదాకా నిమరండి, డైపర్ మార్చండి. తర్వాత పెద్ద దీపం ఆపి, రోజూ అదే జోలపాట, అదే గొంతు, రెండు మూడు నిమిషాలు. పడక.

జీరో బల్బు నీలం రంగుదైతే మార్చేయండి. నీలి వెలుగు నిద్ర హార్మోనును తగ్గిస్తుంది. ఎర్రదో పసుపుదో వేయండి, అదీ బిడ్డ కంటికి నేరుగా కనబడని మూలలో.

ఉయ్యాల మాన్పించే ఎనిమిది రాత్రులు

చీర ఉయ్యాలలో బిడ్డ ఒళ్లు విల్లులా వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. ఊపిరి దారి ఇరుకవుతుంది. అందుకే రాత్రంతా పడుకోవడానికి అది తగిన చోటు కాదు. స్ప్రింగు ఉయ్యాల అయినా అంతే. కానీ నిన్నటిదాకా ఊగిన బిడ్డను ఇవాళ్టికి ఇవాళ పరుపు మీద వేస్తే రెండు రాత్రులు ఊరంతా లేపుతుంది, మూడో రాత్రికి మీరే మళ్లీ కొక్కేనికి చీర కడతారు. అందుకే ముందు ఊపు తీసేయాలి, తర్వాతే చోటు మార్చాలి. రెండూ ఒకేసారి చేయడమే అందరూ చేసే తప్పు.

మొదటి రెండు రాత్రులు ఎప్పటిలాగే ఊపండి, కానీ రెప్పలు సగం వాలగానే ఊపు సగానికి తగ్గించండి. నిద్రపోగానే పూర్తిగా ఆపి, అయిదు నిమిషాలు ఆగి పడక మీదికి మార్చండి. తాడు విప్పేయండి. తాడు ఉంటే నిద్రమత్తులో చేయి దానంతట అదే లాగుతుంది.

మూడు, నాలుగు, అయిదు రాత్రులు ఊపును కళ్లు మూతపడకముందే ఆపాలి. ఉయ్యాల అంచు పట్టుకొని, నాలుగు వేళ్ల మందాన అటూ ఇటూ కదిలిస్తే చాలు. బిడ్డ గుర్తుపడుతుంది, తల తిప్పి చూస్తుంది, కాళ్లు తన్నుతుంది. చూపు కలపకండి. రెండో చేయి ఛాతీ మీద వేసి, అరచేయి బరువు తెలిసేలా ఉంచండి. ఆ బరువు తర్వాత పరుపు మీద పనికొస్తుంది, అందుకే ఇక్కడే అలవాటు చేస్తున్నాం.

ఆరు, ఏడు రాత్రులు ఉయ్యాల కదలదు. అందులో పడుకోబెట్టి తొడ మీద తట్టండి. జోకొట్టే చేయి గిన్నెలా వంపుగా, నిమిషానికి అరవై దెబ్బల వేగంతో, గడియారం ముల్లు నడిచినట్టు. బిడ్డ నెమ్మదించేకొద్దీ మీరూ నెమ్మదించాలి. ఉన్నట్టుండి ఆపితే ఉలిక్కిపడుతుంది. నిద్రపోయాక ఇప్పుడూ పడక మీదికి మార్చాల్సిందే.

ఎనిమిదో రాత్రి నేరుగా పరుపు. ఉయ్యాలకు కట్టిన అదే చీరను, ఉతక్కుండా, పరుపు మీద బిగించి పరిచి అంచులు కిందికి దోపండి. వాసన తెలిసిందే కాబట్టి చోటు అంత కొత్తగా అనిపించదు. దించేటప్పుడు ముందు పాదాలు, తర్వాత పిర్రలు, చివరికి తల తగలాలి. తల ముందు తగిలితే పడిపోతున్నట్టు చేతులు రెండూ చాపి లేచిపోతుంది. తల కింద నుంచి చేయి తీసే ముందు పది లెక్కపెట్టండి.

రొమ్ము నోట్లో ఉంటేనే నిద్రపోయే బిడ్డకూ ఇదే పద్ధతి, ఆయుధం వేరు. గటగట మింగడం ఆగి, ఊరికే చప్పరించడం మొదలైందంటే చిటికెన వేలు నోటి మూల నుంచి చిగుళ్ల మధ్య పెట్టి, పట్టు విడిపించి తీయండి. ఏడిస్తే మళ్లీ ఇవ్వండి, మళ్లీ తీయండి. మొదటి రాత్రి అయిదారు సార్లు అవుతుంది. వారానికి ఒకటి రెండుకు దిగుతుంది. అప్పుడు పాల వేళను అరగంట ముందుకు జరపండి.

పడక నుంచి మీరు దూరం జరగడం

ఇక్కడ మూడు రాత్రులకు ఒక మెట్టు. మొదటి మూడు రాత్రులు చేయి వేసి జోకొట్టండి, నిద్రపోయేదాకా. తర్వాత మూడు రాత్రులు చేయి ఉంటుంది, తట్టదు. ఆ తర్వాత మూడు రాత్రులు చేయీ ఉండదు, పక్కనే కూర్చొని "ష్ష్" అంటే చాలు. ఆపైన మూడు నాలుగు అడుగుల దూరంలో చాప మీద, మౌనంగా. చివరికి మీ పడక మీద మీరు.

పక్కనే కూర్చున్నా ఏడుపు ఉంటుంది. మూలిగితే, విసుగ్గా సణిగితే కదలకండి. నిజంగా ఏడిస్తే గడియారం చూసుకొని మొదట మూడు నిమిషాలు, తర్వాత అయిదు, తర్వాత ఏడు ఆగి, ఒక నిమిషం నిమిరి, మాట చెప్పి, మళ్లీ వెనక్కి జరగండి. గుక్కపడితే మాత్రం ఆగొద్దు, ఎత్తుకోండి. నెమ్మదించాక, నిద్రపోకముందే దించండి. అరగంట దాటినా కుదరకపోతే ఆ రాత్రికి పాత పద్ధతిలో పడుకోబెట్టి, రేపు పావుగంట ముందు మొదలుపెట్టండి. ఇలా మెల్లగా దూరం జరిగే పద్ధతి, నిమిషాలు లెక్కపెట్టి ఓదార్చే పద్ధతి వాడిన కుటుంబాల పిల్లలను ఆస్ట్రేలియాలో ఆరేళ్ల వయసు దాకా గమనించారు. 326 మంది పిల్లల మీద 2012లో ప్రచురించిన ఆ పరిశోధనలో పిల్లల మనసుకు గానీ తల్లితో అనుబంధానికి గానీ హాని కనబడలేదు.

కష్టం బిడ్డతో కాదు, అవ్వతో. "ఏం మే, బిడ్డ గుక్కపట్టి ఏడస్తా ఉంటే చూస్తా కూర్చోనుండావా?" అని తలుపు తోసుకొని వస్తుంది. ఆమె తప్పు లేదు, ఆ చేతుల మీద ఎంతమందో పెరిగారు. కానీ పన్నెండు నిమిషాలు ఏడ్చాక ఎవరో ఒకరు వచ్చి ఊపితే, పన్నెండు నిమిషాలు ఏడవాలని బిడ్డ నేర్చుకుంటుంది. మొదలుపెట్టే ముందే కూర్చోబెట్టి చెప్పండి, వాదించకండి. ఆమెకు లాలపోసే పనో జోలపాట పనో అప్పగించండి. పగటి నిద్ర మొదటి వారం ఉయ్యాలలోనే, ఎవరైనా కనిపెట్టుకొని ఉండగా, ఆమె చేతుల మీదే కానివ్వచ్చు. పగలు మార్చేది రాత్రి కుదిరాకే.

నడిరేయి లేచినప్పుడు

మూలుగు వినగానే లేవకండి. రెండు నిమిషాలు ఆగండి. కళ్లు మూసుకునే ఏడ్చే బిడ్డ ఇంకా నిద్రలోనే ఉంటుంది, మీరు ఎత్తుకుంటే లేస్తుంది. ఆరు నెలల బిడ్డ రాత్రి ఒకటి రెండుసార్లు పాలకు లేవడం మామూలే. ఆ పాలు ఇవ్వాల్సిందే, డాక్టరును అడగకుండా ఆపకండి. ఎర్ర దీపం వెలుగులోనే, మాటల్లేకుండా ఇచ్చి, మెలకువ ఉండగా దించండి.

కడుపు నిండితే పడుకుంటుందని ఆరు నెలలు నిండకముందే రాగిజావ పట్టొద్దు, నీళ్లూ వద్దు, అప్పటిదాకా తల్లిపాలే. తేనె ఏడాది దాకా నాకించకూడదు, ప్రాణం మీదికి తెచ్చే విషక్రిములు అందులో ఉండొచ్చు. వస, నిద్రపట్టించే జలుబు మందులు అసలే వద్దు.

ఏది తప్పుతుంది, ఎందుకు

పగటి నిద్ర గంట లోపే తెగిపోతుంటే, మొదటిసారి మెలకువ అంచుకు తేలినప్పుడే ఆగిందన్నమాట. రాత్రి సొంతంగా పడుకోవడం వచ్చాక ఇది రెండు మూడు వారాల్లో తానే సర్దుకుంటుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తుంటే ముందు బయటి చప్పుడు వినండి. ధనుర్మాసంలో గుడి మైకు, పాల బండి, నీళ్ల మోటారు. ఫ్యాను హోరు లాంటి ఒకే రకం చప్పుడు పెట్టొచ్చు, ఫోన్ బిడ్డకు ఏడడుగుల దూరంలో, సన్నగా. కరెంటు పోతే ఆ హోరు ఆగి బిడ్డ లేస్తుంది, ఫ్యాను ఇన్వర్టర్ మీద ఉందో లేదో చూసుకోండి. తూర్పు కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టండి. పగటి చివరి నిద్ర మరీ ముందే అయిపోయి, రాత్రి పడకకు వచ్చేసరికి అలుపు మించినా ఇలాగే లేస్తుంది.

ఎనిమిది, తొమ్మిది నెలల్లో, అంతా బాగుందనుకునే సరికి తొట్టి పట్టుకొని నిలబడి ఏడవడం మొదలవుతుంది. నిలబడటం వచ్చింది, కూర్చోవడం ఇంకా చేతకాదు. రాత్రి వంద సార్లు పడుకోబెట్టే బదులు పగలు మోకాళ్లు వంచి కూర్చోవడం ఆటలా నేర్పండి. పరుపును తొట్టి అడుగుకు దించండి. అమ్మ కనబడకపోతే భయం కూడా ఈ వయసుదే. మూడు అడుగుల దూరం నుంచి మళ్లీ పక్కకు జరిగి, రెండు రాత్రులకు ఒక మెట్టు చొప్పున వెనక్కి పోండి. ఉయ్యాల దాకా మాత్రం పోవద్దు.

పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల వెళ్లొచ్చినా, జ్వరం వచ్చినా వరస చెడుతుంది. కొండ మీద కింది కంటే చల్లగా ఉంటుంది, గుండు గీయించిన తలకు టోపీ బయట తిరిగేటప్పుడే పెట్టి, పడుకోబెట్టేటప్పుడు తీసేయండి. ఇంటికొచ్చిన రోజు రాత్రి నుంచే పాత వేళకు, పాత జోలపాటకు వచ్చేయండి. రెండు మూడు రాత్రుల్లో దారిన పడుతుంది.

నిద్రలో గురక పెట్టడం, ఊపిరి మధ్యలో ఆగినట్టు ఉండటం, పాలు తాగిన ప్రతిసారీ విల్లులా వంగి కక్కడం, బరువు పెరగకపోవడం, ఇవి అలవాటు వల్ల వచ్చేవి కావు. ఇవి కనిపిస్తే పద్ధతి పక్కనపెట్టి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే పొద్దున దాకా కూడా ఆగొద్దు.